రెండో అదారు

నిప్పూరు పట్నం నుంచి వచ్చిన కబురు చిన్నది. ఈ ఏడు ఆఖరి నెల అదారు రెండుసార్లు వస్తుంది. కాలువ పనులూ, రాజుగారి పొలాల కోతలూ ఆ లెక్కనే జరగాలి.

ఊరి పెద్ద దెలాయా ఆ మట్టి పలకను వాకిట్లో నిలబడి అందరికీ చూపించాడు. దాని మీది గీతలు చదవగలిగినవాడు ఆ ఊళ్లో ఎవడూ లేడు. తెచ్చినవాడు నోటితో చెప్పింది విని తలలూపారు. కెబారు కాలువ గట్టున ఉన్న ఆ ఊళ్లో అరవై నాలుగు గడపలు. ఒక్కటి తప్ప అన్నీ యూదా దేశం నుంచి చెరపట్టి తెచ్చినవాళ్ల కుటుంబాలే. వచ్చి తొంభై ఏళ్లు కావస్తోంది.

అధిక మాసం వాళ్లకు వింత కాదు. రెండు మూడేళ్లకోసారి వచ్చేదే. జనం లేచి పోబోతుంటే వెనక వరసలోంచి ఒక గొంతు వినిపించింది.

"ఈ ఏడు అదారు ఒకటే."

అన్నవాడు అజ్జూరు. అరవై ఏళ్లవాడు. ఊరికి నెలలు చెప్పేది అతనే. నెలపొడుపు సాయంత్రం ఇంటి కప్పెక్కి, పడమటి దిక్కున నెలవంక కనిపించగానే పొట్టేలు కొమ్ము ఊది, వచ్చిన నెల పేరు కేక వేస్తాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే పని. అంతకుముందు అతని తండ్రి చేశాడు.

"కూర్చో బాబాయ్," అన్నాడు దెలాయా.

"కూర్చోడానికి రాలేదు. మా చేలో బార్లీ వెన్ను తీసింది. పొద్దున వెళ్లి చూశాను. వెన్ను తీశాక వచ్చే నెలపొడుపు ఆబీబు, పస్కా పండగ నెల. మా నాన్న చెప్పింది అదే. ఆయనకి వాళ్ల నాన్న చెప్పాడు."

"రాజుగారికి ఎవరు చెప్పారో మరి," అన్నాడు గాడిదలు తోలే బర్జిల్లయి. నవ్వులు లేచాయి.

"మనం పండగ చేసేది రాజుకా, దేవుడికా?"

దెలాయా పలకను గుడ్డలో చుట్టాడు. "బాబాయ్, ఇన్నేళ్లుగా నీ చేనూ నిప్పూరు కబురూ ఎప్పుడూ దెబ్బలాడుకోలేదు. ఈ ఏడు చలి లేదు. నీళ్లు ముందే వదిలారు. అందుకే వెన్ను తొందరపడింది. నీ లెక్కలో పండగ నాటికి కాలువ పూడిక తీతకి ఇంటికొకడు పోవాలి. ఆ రోజు పని మానేస్తే అధికారికి ఏం చెప్పను? అజ్జూరు చేలో వెన్ను తీసిందని చెప్పనా?"

"చెప్పు."

"సరే, చెప్తాను. నువ్వు మాత్రం రెండో అదారు అనే కేక వెయ్యి."

నాలుగో రోజు సాయంత్రం నెలపొడుపు. అజ్జూరు కప్పెక్కాడు. పక్క ఇళ్ల కప్పుల మీద ఆడవాళ్లు చేటలు పక్కన పెట్టి చూస్తున్నారు. పడమటి దిక్కున నెలవంక కనిపించింది. కొమ్ము ఊదాడు. రెండు అరచేతులూ నోటికి అడ్డం పెట్టుకుని "ఆబీబు!" అని కేక వేశాడు.

తర్వాత వీధి చివర కప్పు మీంచి ఒక ఆడగొంతు "అదారు!" అని బదులు కేక వేసింది. పిల్లలు దాన్ని అందుకున్నారు. అదారు, అదారు అంటూ వీధి అంతా తిరిగారు.

అతను మెట్లు దిగేసరికి పక్కింటి నుప్తా తన వాకిట్లో కుండలు బోర్లిస్తోంది. నుప్తా వాళ్ల మనిషి కాదు. నిప్పూరు ఆవిడ. డెబ్భై దాటాయి. ఖర్జూరపు సారా కాచి గట్టు మీద పడవలవాళ్లకు అమ్ముతుంది. ఆమె మొగుడు ఆ ఇల్లు కట్టినప్పుడు ఆ వీధిలో యూదులు ఇద్దరే. ఇప్పుడు నిప్పూరువాళ్లలో మిగిలింది ఆమె ఒక్కతే.

"ఏం తమ్ముడూ, ఊరంతా ఒక నెలలో ఉంటే నువ్వొక్కడివే ముందు నెలలోకి పోయావట. అక్కడ బాగుందా?"

"నవ్వు అక్కా, నువ్వూ నవ్వు."

"నేనెందుకు నవ్వుతాను? మా లెక్కలో పన్నెండో నెల పేరే బార్లీ కోత. అసలు పేరు వేరేలే, 'షెకిన్‌కు' అని. మా నాన్న గుళ్లో డోలు కొట్టేవాడు, పన్నెండు పేర్లూ నాకు బడితె పట్టుకుని నేర్పాడు. పీట నెల, ఎద్దుల నెల, ఇటుక అచ్చు నెల, విత్తనాల నెల..." ఆమె వేళ్లు మడుస్తూ పన్నెండూ చెప్పింది. ముందు ఎవరికీ తెలియని ఆ పాత గుడి భాషలో, తర్వాత అర్థంతో. "కోత పడకుండా కోత నెల అయిపోతుందా, చెప్పు? అందుకే ఇంకో నెల కలిపారు. మీకెన్ని పేర్లున్నాయి?"

"నాలుగు."

"నెలలు పన్నెండు కదా?"

"ఆబీబు, జీవు, ఏతనీము, బూలు. మా నాన్నకి ఇవే గుర్తున్నాయి. ఎనిమిదేళ్లవాడు ఇక్కడికి వచ్చేటప్పటికి. మిగతావి అక్కడే పోయాయి."

"మరి వాటినేమంటావు?"

"మూడో నెల, నాలుగో నెల అంటాను. కుర్రాళ్లు మీ ఊరి పేర్లే అంటారు. నీసాను, తమ్మూజు."

నుప్తా ఆఖరి కుండ బోర్లించి నడుం పట్టుకుని లేచింది. "నీకు నాలుగున్నాయి, కేక వేస్తే వినడానికి ఊరుంది. నాకు పన్నెండున్నాయి. ఎవరికి చెప్పను?" అంటూ లోపలికి పోయింది.

పస్కా భోజనం ఒక్కడు తినేది కాదు. ఇంట్లో మనుషులు చాలకపోతే పొరుగింటితో కలిసి తినాలని వాళ్ల ధర్మశాస్త్రం కట్టడ. అజ్జూరుకు పిల్లలు లేరు. భార్య హమూటలు పోయి మూడేళ్లయింది. ఆమె ఉన్నప్పుడు కూడా ఇద్దరే కనుక ఏటా దెలాయా ఇంట్లోనే ఆ రాత్రి కూర్చునేవాళ్లు. ఈసారి తన ఇంట్లో, తన లెక్క ప్రకారం, పద్నాలుగో రోజు సాయంత్రం చెయ్యాలని అజ్జూరు అనుకున్నాడు. దానికి కనీసం ఒక ఇల్లు తనతో కలవాలి. పదో రోజు నుంచి అడగడం మొదలుపెట్టాడు.

మొదటి రోజు తొమ్మిది ఇళ్లు తిరిగాడు. ఎవరూ కసరలేదు. కూర్చోడానికి పీట వేశారు, ఖర్జూరాలు పెట్టారు, మంచినీళ్లిచ్చారు. ఒకాయన కాలు నొప్పి అన్నాడు. ఒకావిడ కొత్తగా కాచిన సారా రెండు జాడీలు చూపించి, పండగైతే పులిసినవేవీ ఇంట్లో ఉండకూడదు, ఇది పారబొయ్యాలి కదా అంది. కుమ్మరి మాత్రం ఉన్నమాట చెప్పాడు. "నీ ఇంట్లో తిని, మళ్లీ వచ్చే నెల ఇంట్లో తింటే దేవుడికి రెండు పండగలు చేసినట్టవుతుంది మావా. రెంటికీ చెడతాను."

పన్నెండో రోజు దెలాయా ఇంటికే వెళ్లాడు. దెలాయా భార్య రెయూమా గుమ్మంలో నిలబడి నువ్వులు చెరుగుతోంది.

"మావయ్యగారూ, వచ్చే నెల ఎలాగూ మా ఇంటికే కదా. ఎప్పటిలాగే రండి."

"ఎప్పటిలాగే అంటే? చాప చివర్నా?"

ఆమె చేతిలో చేట ఆగింది. "నిరుడు అల్లుడు కొత్తగా వచ్చాడని..."

"వచ్చాడు. కథ బాగానే చెప్పాడు."

అతను వీధిలోకి వచ్చేశాడు.

పద్నాలుగో రోజు పొద్దున మిగిలింది ఒక్క బర్జిల్లయి. గట్టు మీద గాడిద జీను కుడుతున్నాడు. దబ్బనం పళ్ల మధ్య పెట్టుకునే మాట్లాడాడు.

"నేను వస్తానన్నా. కూర్చోడానికి నాకేం? రెండుసార్లు తినడం నాకు బాధా? మా ఆవిడ ఒప్పుకోదు. పులిసిన పిండి కుండకి ఇప్పుడే మట్టి వేస్తే వారం రోజులు నీకు రొట్టె ఎవరు చేస్తారంది."

"నిన్ను మీ ఆవిడ అడుగుతుందా, నువ్వు ఆవిడని అడుగుతావా?"

"ఆవిడే అడుగుతుంది. నువ్వు మా ఇంటికి రాలేదా ఎప్పుడూ?" బర్జిల్లయి దబ్బనం తీసి నవ్వాడు. "అయినా నీ చేను మాటే బుర్రలో తిరుగుతోందన్నా. వెన్ను తీసిందన్నావు కదా. నిరుడు పండక్కి నేను యెరూషలేములో ఉన్నాను."

"తెలుసు. ఊరంతటికీ నువ్వు చెప్పిన కథలే."

"ఆ పండగ వారంలోనే మొదటి బార్లీ పన కోసి గుళ్లోకి పట్టుకెళ్లారు. నేను చూశాను. అప్పటిదాకా ఒక్క కొడవలి కూడా చేలో దిగలేదు. పైన కొండల్లో ఇంకా పాలకంకులే. ఇక్కడికి తిరిగొచ్చాక మా ఆవిడ ఏమందంటే, పండక్కి ముందే మన చేను కోసి కుప్ప వేశాం అంది. అదే నెల, అదే పండగ."

అజ్జూరు గట్టు మీద కూర్చున్నాడు. నిరుడు పండగకు ముందు తన చేను కూడా కోశాడు. అంతకు ముందేడూ కోశాడు. కోత అయ్యాక పండగ రావడం అతనికి పుట్టినప్పటి నుంచీ అలవాటు. అందులో ఆలోచించాల్సింది ఉందని ఎప్పుడూ తట్టలేదు.

"అంటే ఇప్పుడు అక్కడ?"

"ఇప్పుడా? గడ్డి. మోకాలెత్తు ఉంటుందేమో. అక్కడ చలి అన్నా, కొండలు. గెబ మీదుగానే వచ్చాను, మీ తాతగారి ఊరు కాదూ అది? నేలంతా రాళ్లే. మన బురద నేలలా నాలుగు రోజులు ఎండ తగిలితే వెన్ను తీసే రకం కాదు." చెబుతూ చెబుతూ అజ్జూరు మొహం చూసి ఆగాడు. "నేను ఊరికే అన్నానన్నా."

"నువ్వు చూసింది చెప్పావు."

"మా ఆవిణ్ని ఇంకోసారి అడుగుతాను."

"వద్దులే."

చేనుకు వెళ్లాడు. వెన్ను తీసింది నిజమే. కంకి నలిపితే వేళ్ల మీద పాలు అంటాయి. తాత చెప్పిన మాటలో తప్పు లేదు. తాత ఆ మాట గెబ చేలో నిలబడి చెప్పాడు. తండ్రి దాన్ని ఎనిమిదో ఏట చెవిలో పెట్టుకుని తొమ్మిది వందల మైళ్లు నడిచి వచ్చి ఈ నేల మీద దించాడు. ఆయన అక్కడ కొడవలి పట్టలేదు. ఇక్కడ పట్టాడు. రెండు నేలలనూ పక్కపక్కన పెట్టి చూసినవాడు వాళ్ల ఇంట్లో ఎవడూ లేడు.

మధ్యాహ్నం ఇంటికి వచ్చాడు. పులిసిన పిండి కుండ నోటికి పొద్దునే మట్టి మెత్తి ఉంచాడు. దాని జోలికి పోలేదు. బార్లీ పిండి నీళ్లతో కలిపి, నాననివ్వకుండా ఒత్తి, పొయ్యి గోడకు అంటించి ఏడు రొట్టెలు కాల్చాడు. హమూటలు కాల్చినట్టు రాలేదు. అంచులు మాడాయి. కాలువ గట్టున కోసుకొచ్చిన చేదు ఆకు కడిగి చిప్పలో పెట్టాడు. చాప పరిచాడు. చెయ్యకుండా కూర్చోవడం చేత కాలేదు.

పొద్దు వాలింది. వీధిలో పూడిక తీతకు వెళ్లినవాళ్లు పారలతో తిరిగి వస్తున్నారు. తెరిచి ఉన్న తలుపులోంచి చాప కనిపిస్తుంది కనుక కొందరు తల తిప్పుకుని నడిచారు. ఇద్దరు ముగ్గురు "కుశలమా" అని అడిగి నడిచారు.

చివరికి నుప్తా వచ్చింది. గడప బయటే నిలబడి లోపలికి తొంగి చూసింది.

"ఎంతమంది?"

"ఎవరూ లేరు."

"నేను రానా?"

"నువ్వు రాకూడదక్కా. పరాయివాళ్లు ఈ భోజనం తినకూడదు. సున్నతి లేనివాళ్లు..."

"నాకు చెయ్యడానికేముంది నాయనా అక్కడ?" అంది నుప్తా. అజ్జూరుకు నవ్వు వచ్చింది. పది రోజుల్లో అదే మొదటిసారి. ఆమె మోకాళ్లు పట్టుకుని గడప అవతల నేల మీద కూలబడింది. "బయట కూర్చుంటా. ఇక్కడ గాలి పీల్చడానికి మీ దేవుడి సెలవు అక్కర్లేదుగా?"

"అక్కర్లేదు."

"ఒక మాట అడుగుతాను, కోప్పడకు. నీ గొడవ నెల గురించేనా?"

అతను చేదు ఆకు చిప్పను అటు నుంచి ఇటు జరిపాడు.

"పండగ రాత్రి భోజనం ముందు ఒక కథ చెప్పాలి అక్కా. మా తాతలు ఐగుప్తు దేశంలో బానిసలుగా ఉండి ఎలా బయటపడ్డారో. పిల్లలు అడుగుతారు, పెద్దవాడు చెప్తాడు. దెలాయా ఇంట్లో ముప్పై ఏళ్లు నేనే చెప్పాను. హమూటలు నా పక్కన కూర్చుని, ఎక్కడైనా మర్చిపోతే అందించేది. నిరుడు రెండుసార్లు తడబడ్డాను. అందించేవాళ్లు లేరు. దెలాయా అల్లుడు అందుకుని మిగతాది తను చెప్పేశాడు. అందరూ బాగుందన్నారు."

"బాగుందా?"

"బాగానే ఉంది."

"అయితే నాకు చెప్పు. తినను. వింటాను. తడబడితే నాకేం తెలుస్తుంది?"

తూర్పున ఖర్జూరపు తోపు వెనక వెలుగు మొదలైంది. చంద్రుడు ఇంకా పైకి రాలేదు. అజ్జూరు రొట్టెల వైపు చూశాడు. ఇవాళ పండగ అయితే కథ ఆమెకు చెప్పవచ్చు, రొట్టె మాత్రం ఇవ్వకూడదు. ఆమె బయట, తను లోపల, మధ్యలో గడప. పండగ అయితే అంతే. ఒక్కడే తినాలి. అలా ఒక్కడే తినడం కూడా కట్టడకు విరుద్ధం.

పొద్దున గట్టు మీద విన్నది ఇంకా ఎవరికీ చెప్పలేదు. బర్జిల్లయి కూడా చెప్పడు. తను నోరు విప్పకపోతే వచ్చే ఏడు వరకూ ఊళ్లో అతని మాట అతని మాటగానే ఉంటుంది. ఒప్పుకోని మాటే అయినా, అది గెబ నుంచి వచ్చిన మాట.

"ఇవాళ పండగ కాదక్కా," అన్నాడు.

"ఏమిటి?"

"నా లెక్క తప్పు. ఈ నేలలో బార్లీ తొందరగా వెన్ను తీస్తుంది. అక్కడ ఇంకా గడ్డిగానే ఉంటుంది. నిరుడు బర్జిల్లయి చూశాడు. మా తాత ఇక్కడ ఉండి ఉంటే ఆయన కూడా ఇంకో నెల ఆగేవాడు. రేపు దెలాయాకి చెప్తాను."

"నవ్వుతారు."

"నవ్వనీ. ఇది అదారు నెల. రెండో అదారు. ఇవాళ పద్నాలుగు. మామూలు రోజు." అతను చాప మీద కొంచెం జరిగాడు. "లోపలికి రా. మామూలు రోజున ఎవరి ఇంట్లో ఎవరైనా తినొచ్చు."

నుప్తా వెంటనే లేవలేదు. అతని మొహం చూసింది. తర్వాత గడప పట్టుకుని లేచి, లోపలికి వచ్చి, చాప మీద అతనికి ఎదురుగా కూర్చుంది. అజ్జూరు రొట్టె విరిచి సగం ఆమెకు ఇచ్చాడు. ఆమె నమిలింది. చాలాసేపు నమిలింది.

"ఉప్పు వెయ్యలేదు."

"మర్చిపోయాను."

"పళ్లు రాలగొట్టడానికి పిలిచావా? రేపు నాకు పిండివ్వు, నేను చేసి చూపిస్తాను రొట్టె అంటే ఏమిటో." అంటూనే ఇంకో ముక్క విరుచుకుంది. "కథ చెప్పవోయ్. మామూలు రోజున కథ చెప్పకూడదా?"

"చెప్పొచ్చు."

మొదలుపెట్టాడు. కరువు వచ్చి డెబ్భై మంది ఐగుప్తుకు దిగిపోవడం. కొత్త రాజు. ఇటుకల పని. గడ్డి ఇవ్వకుండా అన్నే ఇటుకలు చెయ్యమనడం. అక్కడ నుప్తా అడ్డుపడింది. ఇటుకకు గడ్డి లేకపోతే ఎండలో పగిలిపోతుందని, ఆ రాజుకు ఇల్లు కట్టడం తెలియదని అంది. అజ్జూరు అవునన్నాడు. పుట్టిన మగపిల్లల్ని నదిలో పారవెయ్యడం చెప్పేటప్పుడు ఆమె తినడం ఆపింది. దేవుడు ఐగుప్తు మీదికి పంపిన తెగుళ్లు ఒకటొకటే చెప్పాడు. రక్తం, కప్పలు, దోమలు. నాలుగోది గుర్తు రాలేదు. పక్కకు తిరిగి చూశాడు. చాప మీద ఆ పక్క ఎవరూ లేరు. నుప్తా ఎదురుగా కూర్చుని ఎదురు చూస్తోంది.

"ఈగలు," అన్నాడు కాసేపటికి.

అప్పుడే తలుపులోంచి వెలుగు చాప మీద పడింది. నుప్తా వెనక్కి తిరిగి చూసింది. చంద్రుడు తోపు దాటి పైకి వచ్చాడు.

"నేను పోవాలి తమ్ముడూ. పున్నమి కదా. పైకెక్కి చంద్రుడికి సారా పొయ్యాలి, పోయిన మా వాళ్ల పేర్లు చదవాలి. ఇంకెవరూ లేరు చదవడానికి. తోపు దాటగానే మొదలుపెట్టాలి." ఆమె లేచి నిలబడి బట్ట అంచు దులుపుకుంది. గడప దగ్గర ఆగింది. "నువ్వు రాకూడదు కదా అక్కడికి?"

"రాకూడదు."

"అవునులే. ఊరికే అడిగాను. మిగతాది రేపు చెప్పు."

"చెప్తాను."

ఆమె అడుగులు పక్కింటి మెట్ల మీద ఒకటొకటిగా వినిపించాయి. తర్వాత పైన పాట మొదలైంది. అందులో ఒక్క మాట అజ్జూరుకు తెలియదు. ఊళ్లో ఎవరికీ తెలియదు. మధ్యలో ఆగినప్పుడు జాడీలోంచి కప్పు మీద సారా పడుతున్న చప్పుడు.

అతని కథ ఇంకా ఐగుప్తులోనే ఉంది. మిగిలిన తెగుళ్లు గొంతు తగ్గించి తనకు తనే చెప్పుకున్నాడు. పశువులు, బొబ్బలు, వడగళ్లు, మిడతలు, చీకటి. పదోదైన తొలిచూలు పిల్లల చావు చెప్పి, రాత్రికి రాత్రి జనం మూటలు కట్టుకోవడం వరకూ వచ్చాడు. అక్కడ ఆపాడు. మిగిలిన రొట్టెలు ఆరు. గుడ్డలో చుట్టి అటక మీద పెట్టి, పాట అయ్యేదాకా గోడకు ఆనుకుని కూర్చున్నాడు.